కష్టానికీ సంతోషానికీ ఒకటే పుస్తకం: ప్రార్థన పుస్తకం రాసుకోవడం ఎలా

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు. "అక్కా, ప్రార్థన చేస్తున్నాను గానీ మనసు నిలవట్లేదు, ఏం చెయ్యమంటావు?" అని. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే ఫోన్లో ఇంకొకరు అదే ప్రశ్న. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. నేను పాస్టర్ని కాదు, వేదాంత కాలేజీ గేటు కూడా చూడలేదు. విశాఖపట్నం మల్కాపురంలో ఉంటాను, ఇరవై ఏళ్ళ పైనుంచి సండే స్కూల్లో చిన్నపిల్లలకి చెబుతున్నాను. ఇక్కడ రాసేదంతా నేను చేసి, చెడగొట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టినదే.

కలిమిలేములు కావడి కుండలంటారు కదా, మా ఇంట్లో మాత్రం ఆ కావడి ఎప్పుడూ ఒకవైపే వంగి ఉండేది. కష్టమొస్తే శుక్రవారం ఉపవాస ప్రార్థన, అర్ధరాత్రి దాకా మోకాళ్ళ మీద. కష్టం తీరగానే బైబిలు టీవీ పక్కన, దాని మీద కరెంటు బిల్లు, బిల్లు మీద కళ్ళజోడు. మా ఆయనకి కాంట్రాక్టు పని ఆగిపోయి నాలుగు నెలలు జీతం రానప్పుడు రోజూ గంటన్నర ప్రార్థించిన మనిషిని, మళ్ళీ పని దొరికిన నెలలో పదకొండు రోజులు బైబిలు తెరవలేదు. లెక్క ఎలా తెలుసంటే, పుస్తకంలో ఆ పదకొండు రోజులూ ఖాళీ. కష్టమొస్తే విశ్వాసం పోతుందేమోనని అందరూ భయపడతారు గానీ, నేను చూసినంతలో అది కారిపోయేది బాగున్న రోజుల్లోనే, కుళాయి సరిగ్గా బిగించని డ్రమ్ములో నీళ్ళలాగా, చప్పుడు లేకుండా. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో మోషే హెచ్చరించిందీ ఈ సంగతే: తిని తృప్తిపడి, మంచి ఇళ్ళు కట్టుకుని, వెండి బంగారాలు పెరిగాక దేవుణ్ణి మరచిపోతారేమో చూసుకోండి అని. నలభై ఏళ్ళు ఎడారిలో నడిచినవాళ్ళతో అన్న మాట అది.

యాకోబు పత్రిక 5:13 తీసి చూడండి. శ్రమలో ఉన్నవాడు ప్రార్థన చెయ్యాలి, సంతోషంలో ఉన్నవాడు కీర్తనలు పాడాలి. రెండూ ఒకే వచనంలో, ఒకే ఊపిరిలో. మనం మొదటి సగం కంఠతా పట్టి రెండో సగం వదిలేశాం. నా పుస్తకం పద్ధతి అంతా ఈ ఒక్క వచనాన్ని పట్టుకునే నడుస్తుంది.

పుస్తకం, పెన్ను, ఏడు నిమిషాలు

బజారులో దొరికే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. బంగారు అంచులున్న డైరీలు కొనకండి, అవి చూస్తే తప్పు రాయడానికి భయమేస్తుంది, ఆ భయంతో అసలు రాయరు. తెరిచి పెడితే రెండు పేజీలు ఎదురెదురుగా ఉంటాయి కదా, ఎడమ పేజీ కష్టానికి, కుడి పేజీ సంతోషానికి. పైన తారీకు. అంతే.

ఎందుకు ఎదురెదురుగా అంటే, నేను మొదట్లో రెండు వేరు వేరు పుస్తకాలు పెట్టాను, విన్నపాలకి ఒకటి, స్తుతులకి ఒకటి. విన్నపాల పుస్తకం ఆరు నెలల్లో నిండిపోయింది, స్తుతుల పుస్తకంలో మా పాప హోంవర్కు చేసుకుంది. ఒకే పుస్తకం అయితే కష్టం రాయడానికి తెరిచినప్పుడు పక్క పేజీ మీ మొహం కేసి చూస్తూ ఉంటుంది, తప్పించుకోలేరు. అలాగని బలవంతాన నింపొద్దు. కొన్ని రోజులు కుడి పేజీ ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వండి.

రాసేటప్పుడు మాత్రం పెద్ద మాటలు వద్దు. "ప్రభువా నీ కృపాతిశయములకై స్తోత్రం" అని రాస్తే మూడేళ్ళ తర్వాత చదివినప్పుడు ఆ రోజు ఏం జరిగిందో గుర్తుకు రాదు. నా పుస్తకంలో కుడి పేజీ మీద ఎలా ఉంటుందంటే: "అత్తయ్యగారి షుగరు 280 నుంచి 170కి వచ్చింది." "బాబు అడక్కుండానే బట్టలు మడతపెట్టాడు." "గాజువాక నుంచి వస్తుంటే బస్సులో కిటికీ సీటు దొరికింది." నవ్వుకోండి, పర్వాలేదు. ఎడమ పేజీ కూడా అంతే: "అద్దె ఆరు వేలు, చేతిలో రెండు వేల మూడు వందలు. శనివారం లోపు కావాలి." దేవుడికి లెక్క తెలీక కాదు, మన భయానికి ఒక అంకె తగిలిస్తే అది సగం చిక్కుతుంది. అంకె లేని భయం రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా తిరుగుతుంది.

ఎప్పుడు రాయాలి అంటే, పొద్దున్నే లేచి రాసేవాళ్ళకి దణ్ణం, నా వల్ల కాలేదు. రాత్రి గిన్నెలు తోమేశాక వంటింటి గట్టు మీదే ఏడు నిమిషాలు రాస్తాను. ముందు చిన్న వాక్యభాగం, పది వచనాలు మించకుండా, తర్వాత రాత, తర్వాత రాసినదాన్నే ప్రార్థనగా చదవడం. ఇంట్లో పిల్లలుంటే కుటుంబ ప్రార్థనలో వాళ్ళ చేత కూడా ఒక్కో వాక్యం చెప్పించండి, కుడి పేజీకి సరుకు వాళ్ళ దగ్గరే ఎక్కువ దొరుకుతుంది.

టిక్కులు పెట్టకండి

ఇది నేను చేసిన పెద్ద తప్పు. అడిగినది జరిగితే ఎర్ర పెన్నుతో టిక్కు, జరక్కపోతే ఏమీ లేదు. రెండేళ్ళు అలా నడిచింది. చివరికి నేను దేవుడి దగ్గరికి వెళ్ళడం రేషన్ షాపుకి వెళ్ళినట్టు అయిపోయింది, సరుకు ఇచ్చారా లేదా, కార్డు మీద రాశారా లేదా. పైగా టిక్కులు తగ్గిన నెలలో నామీద నాకే అనుమానం, నా విశ్వాసంలో ఏదో లోపం ఉందేమోనని టెన్షన్.

ఇప్పుడు చేసేది ఇది. మూడు నెలలకోసారి వెనక్కి వెళ్ళి ఎడమ పేజీలు చదువుతాను, మార్జిన్‌లో ఏమైందో ఒక ముక్క రాస్తాను. "వేరేలా అయింది." "ఇంకా అలాగే ఉంది." "ఇది ఎందుకు అడిగానో నాకే అర్థం కావట్లేదు." కొన్నిచోట్ల "కాలేదు" అని రాయాల్సి వస్తుంది. రాయండి. మా నాన్నకి పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పుడు పంతొమ్మిది నెలలు ఎడమ పేజీలో ఒకటే విన్నపం. మార్జిన్‌లో చివరికి రాసింది, "నాన్న పోయారు." దాని కింద అయిదు వారాలు ఏమీ లేదు. ఆ అయిదు వారాలూ నేను చర్చికి వెళ్ళాను, పాటలు పాడాను, లోపల మాత్రం ఒక్క మాట రాలేదు. ఇప్పటికీ ఆ ఖాళీని నింపి అందంగా చెయ్యాలని నాకు అనిపించదు.

ఈ "కాలేదు" బైబిల్లోనే ఉంది, మనం వేదిక మీద చెప్పుకోం గానీ. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధ తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. 2 తిమోతి చివర్లో, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్ళిపోతాడు. ఎందరినో బాగుచేసిన చేతులు ఒక స్నేహితుణ్ణి జబ్బుతోనే వదిలి రావాల్సి వచ్చింది, దానికి వివరణ కూడా లేదు.

మన ఊరి సంగతే ఇంకొకటి ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. ఇక్కడే తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే ఆయన తోడు రాగా సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్‌గ్రాంజెస్ పోయాడు. వాళ్ళు మొదలుపెట్టిన పనిలోంచి మూడు సువార్తలు సేరంపూర్‌లో అచ్చయింది 1812లో. అచ్చు కాగితం చేత్తో పట్టుకోకుండానే పోయారు ఇద్దరూ. వాళ్ళ ప్రార్థన పుస్తకం ఉంటే చివరి ఎడమ పేజీ మార్జిన్ ఖాళీగానే ఉండేది కదా అనిపిస్తుంది, పాత ఊరి మీదుగా వెళ్ళినప్పుడల్లా. "కాలేదు" అని రాసి చెయ్యి ఆగిపోయిన రోజు నాకు ఓదార్పు ప్రసంగాల కన్నా ఈ రెండు సంవత్సరాల తేడా ఎక్కువ పనికొచ్చింది.

కష్టం నిజంగా వచ్చిన రోజు

మొదట తినండి. తర్వాత పడుకోండి. నేను హాస్యమాడట్లేదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు, మందలించలేదు, కాల్చిన అప్పం, నీళ్ళు పెట్టి లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే రెండోసారి కూడా లేపి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించింది అని. మన సంఘాల్లో కష్టంలో ఉన్నవాళ్ళని వెంటనే మూడు రోజుల ఉపవాసానికి కూర్చోబెట్టేస్తారు, నాకు అది నచ్చదు. రెండు రోజులుగా నిద్రలేని మనిషికి ఉపవాసం కాదు కావలసింది, పప్పూ అన్నం.

తర్వాత పుస్తకం తియ్యండి, దేవుడి మీద ఫిర్యాదు ఉంటే ఫిర్యాదే రాయండి. చాలామంది దగ్గర ఇక్కడే ఆగిపోతుంది, "అలా అనకూడదు కదండీ, పాపం కదండీ" అని. ఒకసారి జాలారిపేటలో మాకు తెలిసిన ఒక మామ్మ ఇంటికి ప్రార్థనకి వెళ్ళాం. మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి బోటు ఒడ్డున ఉంది, ఇంట్లో రూపాయి ఆడటం లేదు, పైగా కొడుక్కి జ్వరం. మేము ప్రార్థన మొదలుపెట్టే లోపే ఆవిడ గోడకి ఆనుకుని, "ఏటమ్మా, దేవుడు మనల్ని మరిసిపోనాడేటి?" అంది. నాతో వచ్చిన ఒకావిడ గబుక్కున "అలా అనకు మామ్మా" అంది. నేను బైబిలు తీసి 13వ కీర్తన చదివాను. దావీదు మొదలుపెట్టడమే ఆ మాటతో మొదలుపెడతాడు, ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావు, ఎప్పటికీ మరచిపోతావా అని, ఎన్నాళ్ళు ఎన్నాళ్ళు అంటూ నాలుగుసార్లు అడుగుతాడు. మామ్మ ఒక్కసారి నిటారుగా కూర్చుని, "ఆడూ ఇదే అడిగేడా!" అంది.

ఆ 13వ కీర్తన ఆరు వచనాలే, దాన్ని అచ్చులా వాడుకోవచ్చు. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు, తర్వాతి రెండు అడగడం, చివరి రెండు నమ్మకం. మీ మాటల్లో ఒక్కో భాగానికి రెండేసి వాక్యాలు రాయండి. ఫిర్యాదులో ఆగకండి, స్పష్టంగా ఏం కావాలో అడగండి. మూడో భాగం రాకపోతే, అంటే నమ్ముతున్నాను అనే మాట చెయ్యి రాయనంటే, రాయకండి. 88వ కీర్తన చివరిదాకా చదివితే అది చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, వెలుగు రాదు. దాన్ని కూడా పాటల పుస్తకంలో ఉంచారు, తీసెయ్యలేదు. అలా వదిలేసిన పేజీ మీకూ ఒకటి ఉండొచ్చు.

1 థెస్సలొనీక 5:18 చూపించి, అన్నిటికీ స్తోత్రం చెప్పాలి, జబ్బుకీ చావుకీ కూడా చెప్పాలి అనేవాళ్ళున్నారు. అక్కడున్న మాట "ప్రతి విషయమునందును". యందు అంటే లోపల ఉండి. దాని కోసం అని కాదు. మా నాన్న పక్షవాతం కోసం నేను స్తోత్రం చెప్పలేదు, చెప్పను కూడా. పక్షవాతం నడుస్తున్న ఇంట్లో కూర్చుని, నాన్న ఆ రోజు ఎడమ చేత్తో టీ గ్లాసు తనే పట్టుకున్నందుకు చెప్పాను. కుడి పేజీలో ఉంది, తారీకుతో సహా.

మందులు మానకండి. నూనె రాసి ప్రార్థించమని యాకోబు 5:14 చెబుతుంది, సంఘపెద్దల్ని పిలవండి, తప్పకుండా. దాంతో పాటు బీపీ మాత్ర కూడా వేసుకోండి, లూకా వైద్యుడని కొలొస్సయి పత్రికలోనే ఉంది. విశ్వాసం ఉంటే మందులు ఎందుకని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళజోడు తీసెయ్యమనండి ముందు. కానుక పంపిస్తే మీ కష్టం ఇన్ని రోజుల్లో పోతుందని టీవీలోనో ఫోన్లోనో ఎవరైనా చెబితే ఆ నంబరు బ్లాక్ చేసెయ్యండి, దాని మీద ఇంతకన్నా రాయడం దండగ. ఇంకొకటి, బతకాలని లేదు అనే ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది విశ్వాసం తక్కువై కాదు, ప్రార్థనతో పాటు డాక్టరు కావాలి. టెలిమానస్ అని ప్రభుత్వ ఫోను ఉంది, 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఏలీయా కూడా ఆ మాట అన్నవాడే, మరచిపోకండి.

ఇద్దరికి చెప్పండి, రెండు వందల మందికి కాదు. వాట్సాప్ గ్రూపులో "ప్రార్థన మనవి" అని ఒకరి జబ్బు పేరు, స్కానింగ్ రిపోర్టు ఫొటోతో సహా పెట్టేస్తారు, సాయంత్రానికి అది పెళ్ళి సంబంధం చూస్తున్న వాళ్ళ దాకా వెళ్తుంది. మా బంధువుల్లో ఒక అమ్మాయికి అలాగే జరిగింది. ఇంకొకరి కోసం మనవి పెట్టాలంటే వాళ్ళని అడిగి పెట్టండి, వద్దంటే "ఒక సహోదరి కోసం" అంటే చాలు, దేవుడికి అడ్రసు తెలుసు.

కష్టంలో ఉన్న ఇంటికి వెళ్తే

ఇది విడిగా రాయకపోతే నా మనసు ఊరుకోదు, ఎందుకంటే నాన్న పోయినప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళ మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి. "దేవుడి చిత్తమమ్మా." "దేవుడికి ఇష్టమైనవాళ్ళని ముందే తీసుకెళ్ళిపోతాడు." "ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోండి." ఈ చివరిదాన్ని అన్నాయన యోహాను 9వ అధ్యాయం చదివి ఉండడు, పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు చేసిన పాపం అని అడిగితే వీడూ కాదు వీడి తల్లిదండ్రులూ కాదు అని ప్రభువు చెప్పేశాడు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. అదొక్కటే వాళ్ళు సరిగ్గా చేసిన పని, ఎనిమిదో రోజు నోరు తెరిచి చెడగొట్టారు.

ఏం చెయ్యాలో చెబుతాను. "నాకేం మాట్లాడాలో తెలీట్లేదు వదినా, రేపు పొద్దున టిఫిను నేను తెస్తాను, వండకండి" అనండి, తీసుకెళ్ళండి. ఇడ్లీలు తెస్తే చట్నీతో పాటు పేపరు ప్లేట్లు కూడా తేవాలి, లేకపోతే ఆ గిన్నెలు ఏడుస్తున్న మనిషే తోముతుంది. మగవాళ్ళు కాగితాల పని పట్టుకోవచ్చు. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, తర్వాత సర్టిఫికెట్టుకి తిప్పలు పడాలి, ఆ సమయంలో ఇంటివాళ్ళకి అది తట్టదు. ఆదరణ కూడికలో ప్రసంగం పావుగంట చాలు, పాటలు పోయిన మనిషికి ఇష్టమైనవి అడిగి పాడండి. అందరూ వెళ్ళిపోయాక, నలభయ్యో రోజు దాటాక, ఒక మంగళవారమో బుధవారమో ఊరికే వెళ్ళి కూర్చోండి. ఇల్లు అప్పుడు బాగా ఖాళీగా ఉంటుంది. పోయినవాళ్ళ పేరు ఎత్తండి, ఎత్తితే ఏడుస్తారేమోనని అందరూ దాటేస్తారు, ఏడిస్తే ఏం? లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

సంతోషం రోజు చేసుకోవలసినవి

యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి వెనక్కి వచ్చినవాడు ఒక్కడే కదా. మిగిలిన తొమ్మిదిమందీ చెడ్డవాళ్ళు కాదు అనుకుంటాను, బహుశా ఇంటికి పరిగెత్తి ఉంటారు, పిల్లల్ని ఎత్తుకుని ఉంటారు. మనం ఆ తొమ్మిదిమందే. అందుకే ఉద్యోగం వచ్చినా, ఇల్లు ఎక్కినా, పిల్ల పాసైనా, ఆ రాత్రి పడుకునే ముందు కుడి పేజీ నింపందే దీపం ఆర్పకూడదని మా ఇంట్లో కచ్చితంగా పెట్టుకున్నాం.

కృతజ్ఞత కూడిక పెడితే అప్పు చేసి పెట్టకండి. ఈ మధ్య కృతజ్ఞత కూడిక అంటే షామియానా, సౌండ్ బాక్సులు, చికెన్ బిర్యానీ, నూట యాభై మంది, తర్వాత ఆరు నెలలు ఎడమ పేజీలో ఆ అప్పు కోసం ప్రార్థన. మేము ఇల్లు మారినప్పుడు ముప్ఫైమందిని పిలిచాం, ఉప్మా, అరటిపండు, టీ. రెండు పాటలు, ఒక వాక్యం, సాక్ష్యం (దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పడం), ముగింపు ప్రార్థన, గంటలో అయిపోయింది. మిగిలిన డబ్బుతో నెహెమ్యా 8:10లో ఉన్నట్టు చేశాం, పండగ రోజున ఏమీ వండుకోలేని వాళ్ళకి వంతులు పంపమని ఉంది అక్కడ. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దాయనకి నెల సరుకులు వచ్చాయి. కూడికకి హిందూ ఇరుగుపొరుగు వస్తే, మా దగ్గర ఎప్పుడూ వస్తారు, వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో మాట్లాడండి, వాళ్ళ దేవుళ్ళని పోల్చి మాట్లాడే ప్రసంగీకుణ్ణి పిలవకండి. తిండి పెట్టి అవమానించడం ఏం సాక్ష్యం?

సాక్ష్యం చెప్పడానికి మూడు నిమిషాలు. పుస్తకం చేత్తో పట్టుకుని వెళ్ళి ఆ పేజీ చూసి చెప్పండి, అప్పుడు కోతలు రావు. జ్వరం క్యాన్సర్ అయిపోవడం, అయిదు వేలు యాభై వేలు అయిపోవడం నేను చెవులారా విన్నాను, చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులు కూడా కాదు, నాలుగోసారి చెబుతున్నారంతే. ఇంకా, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో అదే అడిగి పొందనివాళ్ళు ఉంటారని గుర్తుపెట్టుకోండి. మా పాప పుట్టినప్పుడు నేను వేదిక మీద "అడిగితే ఇచ్చాడు, నమ్మితే ఎవరికైనా ఇస్తాడు" అన్నాను. మూడో వరసలో పదేళ్ళుగా పిల్లల కోసం ఎదురుచూస్తున్న మా తోటికోడలు ఉంది. ఆవిడ తల దించుకోవడం చూశాను. ఇంటికొచ్చి ఎడమ పేజీలో ఆ మాట రాసుకున్నాను, మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. సంతోషించేవాళ్ళతో సంతోషించండి, ఏడ్చేవాళ్ళతో ఏడవండి అన్న రోమా 12:15 ఒకే గదిలో ఒకేసారి చెయ్యాల్సి వస్తుందని ఆ రోజే తెలిసింది.

ఏడాదిలో నాలుగైదు రోజులు

రోజూ రాయడం తప్పిపోయినా ఈ రోజుల్లో మాత్రం పుస్తకం తీయండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వెళ్ళే ముందు ఏడాది పేజీలన్నీ ఒకసారి తిప్పండి. అర్ధరాత్రి అందరూ వాగ్దాన కార్డు తీసుకుంటారు కదా, మీకు వచ్చిన వచనం మొదటి పేజీకి అంటించుకోండి, కాకపోతే దాన్ని జాతకంలా చూడకండి, ఆ వచనం ముందూ వెనకా అధ్యాయం మొత్తం చదవండి. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు విని వచ్చాక ఎడమ పేజీ. ఈస్టరు తెల్లవారుజామున మా సంఘం బీచ్‌కి వెళ్తుంది. సముద్రంలోంచి సూర్యుడు రావడం చూసి ఇసక కాళ్ళతోనే కుడి పేజీ, ఇది నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన పేజీ. నవంబరు 2న సమాధులకి సున్నం వేసి పూలు పెట్టి వచ్చాక రెండు పేజీలూ. మేము బాప్టిస్టులం, అయినా జ్ఞానాపురంలో ఉండే నా క్యాథలిక్ స్నేహితురాలితో కలిసి డిసెంబరులో మేరీమాత పండక్కి రాస్ కొండ ఎక్కుతాను, ప్రార్థన పద్ధతుల్లో మాకు తేడాలున్నాయి, మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం మాత్రం ఒకటే. పైనుంచి చూస్తే పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, కింద హార్బరులోకి వచ్చే ఓడలు. అక్కడ కూర్చుని ఏమీ రాయను, ఊరికే చూస్తాను.

పుస్తకం నిండాక

పారెయ్యకండి. నా దగ్గర తొమ్మిది ఉండేవి, ట్రంకు పెట్టెలో. వాటిలో 2014ది మిగతావాటి కన్నా లావుగా, ఉబ్బిపోయి ఉంటుంది. అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు. ఆరాధన లేదు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచిందని తర్వాత చెప్పారు, మాకు తెలిసిందల్లా తలుపుకి బల్ల అడ్డం పెట్టి నలుగురం దాని మీద కూర్చోవడమే. రేకులు లేచిపోయి వాన లోపలికి కొట్టింది. ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర రాసిన ఎడమ పేజీ: "రేకులు మూడు పోయాయి. అమ్మ ఎలా ఉందో తెలీదు." కుడి పేజీ: "నలుగురం ఉన్నాం. పక్కింటి పిన్నిగారు అన్నం పంపారు." మార్గశిర గురువారాలు తప్పకుండా కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్ళే పిన్నిగారు ఆవిడ, తన ఇంటి సజ్జా కూలిపోయినా కిరసనాయిలు పొయ్యి మీద రెండిళ్ళకి వండింది.

మా పెద్దమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తూ, "అమ్మా, నాకు ఒకటి ఇవ్వవా?" అని అడిగింది. కొత్తది కొనిస్తానంటే, కాదు రాసినది కావాలంది. చాలాసేపు ఆలోచించి 2014దే ఇచ్చాను, జులై పేజీలు రెండు పిన్ను కొట్టేసి, వాళ్ళ నాయనమ్మతో నా గొడవలు ఉన్నాయి వాటిలో. మొన్న ఫోన్ చేసి, అక్టోబరు పేజీల్లో కొన్ని లైన్లు నీలంగా పారిపోయాయి, చదవలేకపోతున్నాను, ఏం రాశావమ్మా అని అడిగింది. ఏం రాశానో నాకూ గుర్తు లేదు. ఆ నెల జెల్ పెన్నుతో రాశాను, వాన నీళ్ళకి కారిపోయింది. మీరు మామూలు బాల్‌పాయింట్ పెన్ను వాడండి.